నాలుగు తీగల తర్వాత

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ధైర్యం ఎక్కువై కాదు, పెంపకం అలాంటిది. పోయినవాళ్లు దేవుని చేతిలో ఉంటారని, వాళ్లకు మన వీధుల్లో పనేమీ ఉండదని మా బాపు చిన్నప్పటి నుంచి చెప్పేవాడు. ఇప్పుడు అదే పాఠం ఆదివారం బడిలో పిల్లలకు నేను చెబుతున్నాను.

మా సంఘంలో ఎవరికి ఏం జరిగినా ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు. జబ్బు చేసింది, ప్రార్థించాం, తగ్గింది, దేవునికి స్తోత్రం. సాక్ష్యానికి అలా ఒక చివర ఉంటుంది. నేను చెప్పబోయే దానికి చివర లేదు. రెండు ఆదివారాలు లేవబోయి కూర్చుండిపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు సుగుణ. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. మా పెద్దన్న ప్రభుదాసు, వదిన కరుణమ్మ బోధన్‌లో ఉంటారు. అన్న చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్. అది మూతపడ్డాక చెరుకు తోటల్లో బోరు మోటార్లు బాగుచేసుకుంటూ బతికాడు. వారమంతా చేతులకు గ్రీజు ఉండేది. ఆదివారం మాత్రం గోళ్ల సందులు కూడా కడుక్కుని అక్కడి మా చర్చిలో బేస్ గిటార్ వాయించేవాడు.

బేస్ గిటార్ చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. మామూలు గిటార్ కన్నా మెడ పొడుగు, తీగలు నాలుగే, లావుగా ఉంటాయి. పాటలో దాని శబ్దం వేరుగా ఎవరికీ వినబడదు. అది ఆగిపోతే మాత్రం పాట కింద నుంచి నేల తీసేసినట్టు ఉంటుంది.

అన్న వాయించేది పాతది. ఫ్యాక్టరీ క్లబ్బులో ఒకప్పుడు ఆర్కెస్ట్రా ఉండేదట. క్లబ్బు సామాను చెల్లాచెదురయ్యేటప్పుడు అది అన్న చేతికి వచ్చింది. ఏ దేశంలో చేశారో, బోధన్ దాకా ఎవరు తెచ్చారో అన్న చెబుతూనే ఉండేవాడు. మోటార్ల సంగతి ఎలా వినేవాళ్లమో ఇదీ అలాగే విన్నాం. ఒక్క ముక్క గుర్తు లేదు.

ఒక క్రిస్మస్‌కు చర్చి గేటుకు వేయగా తెల్ల ఎనామిల్ పెయింటు మిగిలింది. మా యవ్వనస్థులు దాన్ని ప్రేమగా అన్న గిటార్‌కు పూసేశారు. ఒళ్లంతా, తల మీద ఉన్న పేరుతో సహా. అన్న వచ్చి చూసి, "ఏందిర, దీన్ని గూడ గేటనుకున్నర?" అని నవ్వి, పెయింటు ఆరేదాకా ఆగి వాయించాడు.

ఇంకో సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పాటలో చరణం అయిపోయి పల్లవికి తిరిగి వచ్చే చోట అన్న మూడు మెట్లు కిందికి దిగేవాడు. మొదటి రెండూ తాళానికి సరిగ్గా పడేవి. మూడోది కొంచెం ఆలస్యంగా, వస్తుందా రాదా అనిపించాక పడేది. ఆ సందులో సంఘమంతా ఊపిరి బిగబట్టేది. ఆ స్వరం పడగానే చప్పట్లతో పల్లవి ఎత్తుకునేవాళ్లం. మా దగ్గర దాన్ని 'దిగుడు' అంటారు. "ప్రభుదాసన్న దిగిండు, ఇగ పాడుండ్రి" అని ముసలమ్మలు ఎగతాళి చేసేవాళ్లు. వేరేవాళ్లు నేర్చుకోబోయారు. మూడోది ముందే కొట్టేసేవాళ్లు, లేకపోతే మరీ ఆలస్యం చేసేవాళ్లు.

పోయిన ఏడు వానలకు ముందు, ఒక చెరుకు తోటలో మోటారు విప్పుతూ అన్న పడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. పూర్తిగా పోలేదు, ఒక్క మాట మిగిలింది.

"మల్ల."

మా వైపు ఈ మాటకు అర్థం ఒకటి కాదు. మళ్లీ అనీ, తర్వాత అనీ, మరి ఏమైందనీ, అంతేకదా అనీ. ఎలా అంటే అలా పలుకుతుంది. అన్న మాత్రం అన్నిటికీ ఒకే తీరుగా అనేవాడు. ఆకలైందా అంటే మల్ల. నొప్పా అంటే మల్ల. నన్ను గుర్తుపట్టావా అన్నా అని ఏడిస్తే మల్ల. చూపు ఇంటి కప్పు మీదే.

ఎడమ చెయ్యి బాగానే ఉందని డాక్టరు చెప్పాడు. కానీ అన్న దాన్ని కూడా కదిలించడు, గ్లాసు అందిస్తే పట్టుకోడు. మనం చెప్పేది ఆయనకు అర్థమవుతోందా అని అడిగితే చెప్పలేం అన్నాడు. ఆ ఒక్క ముక్క వదినను నిలువునా కూల్చింది. మొదట్లో వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ అన్నతో ఒకటే మాట్లాడేది. రాను రాను తగ్గించింది. వచ్చినవాళ్లు కూడా ఆయన మంచం పక్కనే కూర్చుని ఆయన గురించి, అక్కడ లేని మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాళ్లు. ఉపవాస ప్రార్థనలు చేశాం. నడిపించమని అడగడం ఎప్పుడో మానేశాం. అన్న లోపల ఉన్నాడా లేడా, అది తెలిస్తే చాలు ప్రభువా అని అడిగేదాన్ని.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు వదిన గోడకు తగిలించిన గిటార్ వైపు చూడకుండా అంది.

"దాన్ని సూత్తె నాకు పానం కొట్టుకుంటది సుగుణా. అమ్మేద్దాం. కొన్నోని చేతులనన్న మోగుతది గద."

అన్నను అడిగాం. మల్ల అన్నాడు.

"గిది అమ్మమనుడా, వద్దనుడా?" అని వదిన నన్నడిగింది. ముందు ధర ఎంతో తెలుసుకుందామన్నాను.

అమ్మాలంటే అదేమిటో తెలియాలి. నాకు సంగీతం రాదు. ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పాత గిటార్ల గుంపుల్లో పెట్టాను. ఒకాయన జపాన్ అన్నాడు, ఒకాయన తూర్పు యూరప్ అన్నాడు, ఇంకొకాయన ఇది గిటారా బీరువానా అన్నాడు. అందరూ అడిగింది ఒకటే, తల మీద పేరు చూపించమని. పెయింటు కింద అక్షరాలు ఉబ్బెత్తుగా చేతికి తగులుతున్నాయి. వచ్చే శనివారం మెల్లగా గీకి చూద్దామని వదినకు ఫోన్‌లో చెప్పాను.

నేను వెళ్లేసరికి గిటార్ తల తళతళలాడుతోంది. వదిన దానికి థిన్నర్ రాసి, ఆ పైన ఇత్తడి గిన్నెలు తోమినట్టు చింతపండు, బూడిద పెట్టి పీచుతో తోమింది. పెయింటు పోయింది. దానితో పాటే పేరూ పోయింది. చివర్లో ఒక తోకలాంటి గీత మిగిలింది.

"ఫోటోకు పోతదంటే మొకం కడగద్దా?" అంది. ఆమెను ఏమనగలం!

బజార్లో బ్యాండు సామాను అమ్మేవాళ్లు నాందేడ్‌లో కులకర్ణి అనే పెద్దాయన నంబరు ఇచ్చారు. పాత వాయిద్యాలు బాగుచేస్తాడు, కొంటాడు. బోధన్ బజారుతో పాత పరిచయం ఉంది కాబట్టి తెలుగు వచ్చు. మరాఠీలో అక్కను పిలిచినట్టు నన్ను 'తాయీ' అని పిలిచేవాడు. మెడ వెనక ఇనుప పలక, మరలు, తీగలు బిగించే చెవులు అన్నీ దగ్గరగా ఫోటో తీసి పంపమన్నాడు. చూసి, జపాన్‌లోనే చేసి ఉండొచ్చన్నాడు. ఆ కాలంలో అక్కడ ఒకే కార్ఖానా వాళ్లు చేసి, ఎన్నో దుకాణాల పేర్లు అతికించి దేశదేశాలకు పంపేవాళ్లట. పేరు పోయాక ఏ దుకాణానిదో దేవుడికే తెలియాలన్నాడు.

"గేట్ పెయింట్ ఎందుకు ఏసిండ్రు తాయీ?" అని మాత్రం చాలాసార్లు అడిగాడు.

విలువ ఏదైనా ఉంటే తీగల కింద ఉన్న పికప్‌లో ఉంటుందన్నాడు. శబ్దాన్ని పట్టి యాంప్లిఫయర్‌కు పంపేది అదే. దాని గొంతు వినాలి, నాలుగు తీగలూ లావుదాని నుంచి సన్నదాని దాకా ఒక్కొక్కటి మీటి, మోత పూర్తిగా ఆరనిచ్చి, రికార్డు చేసి పంపమన్నాడు. మెడ మీద ఎక్కడా వేలు పెట్టొద్దన్నాడు.

ఆ పై శనివారం మధ్యాహ్నం బోధన్ చర్చి పాస్టర్ గారు చర్చి యాంప్లిఫయర్‌ను స్కూటర్ మీద పెట్టుకుని వచ్చారు. ఆయనే తీగలు శ్రుతి చేశారు. ముందు గదిలో గిటార్‌ను నా ఒళ్లో పెట్టుకున్నాను. ఫోన్ ఎదురుగా స్టూలు మీద ఉంది. ఫ్యాను ఆపేశాం. లోపలి గదిలో అన్న మంచం. మధ్య గడపలో వదిన నిలబడి ఉంది.

నాలుగు తీగలు మీటాను. ఒక్కోటి ఆరిపోయేదాకా ఆగాను. నా ఎడమ చెయ్యి మెడ కింద ఊరికే ఆనించి ఉంది, తీగల మీద లేదు. ఇది పాస్టర్ గారు కూడా చూశారు. అయిపోయాక ఫోన్ ఆపాలని వెంటనే తోచలేదు. అన్నే గుర్తొచ్చాడు ఇద్దరికీ. కాసేపటికి నేను లేచి ఫోన్ ఆపాను. వినకుండానే కులకర్ణి గారికి పంపేశాను.

మరునాడు ఆరాధన అయ్యాక నిజామాబాద్‌లో నేను వెళ్లే చర్చి మెట్లు దిగుతుంటే ఆయన ఫోన్ వచ్చింది.

"తాయీ, ఆఖర్లో వాయించినాయన ఎవరు?"

ఎవరూ వాయించలేదు, నేనే మీటానన్నాను.

"అది కాదు తాయీ. నాలుగు తీగలు మీరు మీటిండ్రు, సమజైంది. దాని తర్వాత చిన్నగ ఒకాయన వాయించిండు గద. ఆయనెవరు? పాతకాలం చెయ్యి అది. గిటార్ సంగతి ఇడిసిపెట్టుండ్రి, నాకు ఆయన్ని సూపెట్టుండ్రి." అని, ఫోన్‌లో నోటితో పాడి వినిపించాడు. రెండు మెట్లు దిగాడు. ఆగాడు. ఇక రాదేమో అనిపించాక మూడోది దిగాడు.

ఫోన్ పెట్టేసి, ఆయనకు పంపిన రికార్డింగు తెరిచాను.

ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. నాలుగు తీగలు. నాలుగోది ఆరిపోయింది. కాస్త నిశ్శబ్దం, దూరంగా ఎక్కడో ట్రాక్టరు. తర్వాత, గోడ అవతల నుంచి వచ్చినట్టు, దిగుడు. ఒక్కసారే. ఆ వెంటనే నేను లేచినప్పటి కుర్చీ చప్పుడు.

అన్నం కూడా తినకుండా బోధన్ బస్సు ఎక్కాను. దారంతా మనసు తనకు తాను సర్దిచెప్పుకుంటూనే ఉంది. యాంప్లిఫయర్లు ఒక్కోసారి రేడియోను పట్టుకుంటాయి. పాత రికార్డింగు ఏదైనా కలిసి ఉండొచ్చు. కానీ ఈ ఫోన్ నేను కొన్నది అన్న పడిపోయాక. అన్న వాయించిన పాట ఒక్కటీ ఇందులో లేదు. సంఘం వాళ్ల దగ్గర ఉన్న వీడియోల్లో డప్పు, కీబోర్డు, వందమంది గొంతులు ఉంటాయి. బేస్ ఒక్కటే విడిగా ఎక్కడా లేదు. రేడియోలో ఎవరు దిగుతారు అలా?

వదినకు ఏమీ చెప్పలేదు. పాస్టర్ గారిని రమ్మన్నాను. అన్న మంచం పక్కన ఫోన్ పెట్టి వినిపించాను.

మొదటి తీగ, రెండోది, మూడోది. అన్న కప్పు వైపే చూస్తున్నాడు. నాలుగోది ఆరింది. అప్పుడు దుప్పటి మీద అన్న ఎడమ చేతి వేలు వంగింది.

ఏడాదిగా గ్లాసు పట్టని చెయ్యి. చూపుడు వేలు దుప్పటిని నొక్కింది, స్వరం వినబడింది. మధ్య వేలు నొక్కింది, రెండోది వినబడింది. ఇక్కడ నేను చూసింది చూసినట్టు రాయాలి. వేలు ముందు పడుతోంది, స్వరం తర్వాత వస్తోంది. విని కదిలిస్తే స్వరం ముందు రావాలి కదా? మెడ మీద తీగ నొక్కేవాడికే వేలు ముందు పడుతుంది. మూడోదానికి చిటికెన వేలు గాలిలో ఆగింది. పాస్టర్ గారు ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. వేలు దిగింది. స్వరం వచ్చింది.

"మల్ల," అన్నాడు అన్న.

వదిన ఆ వేళ్లనే చూస్తోంది. చూస్తూనే చెప్పింది.

"నిన్న నువ్వు మీటుతుంటే గూడ ఆయన చెయ్యి ఇట్లనే ఆడింది సుగుణా. దోమ గుట్టిందేమో అనుకున్న. మీరు ఆపినంక గూడ ఆడింది. నేను గడపల ఉన్న గద, సూసిన."

"మరి చెప్పవైతివేమమ్మా?" అన్నారు పాస్టర్ గారు.

"ఏమని చెప్పాలె సార్? దోమ గుట్టిందని చెప్పాలెనా?"

మళ్లీ పెట్టాను. దిగుడు వచ్చింది, మొదటిసారి కన్నా సన్నగా. వేళ్లు నొక్కాయి. "మల్ల," అన్నాడు.

వదిన మంచం దగ్గరికి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. "ఇనవడుతుందా? నేను మాట్లాడేది ఇనవడుతుందా నీకు? ఇనవడితే నా చెయ్యి నొక్కు. ఒక్కపారి నొక్కు." ఎంత బతిమాలిందో. చెయ్యి ఆమె చేతిలో గుడ్డముక్కలా ఉంది.

మూడోసారి పెట్టాను. నాలుగు తీగలు మోగాయి, ఆరాయి. నిశ్శబ్దం. ట్రాక్టరు. కుర్చీ చప్పుడు. అంతే.

దిగుడు లేదు. శబ్దం పెంచి విన్నాం, చెవికి ఆనించుకుని విన్నాం. పాస్టర్ గారి ఫోన్‌కు పంపి విన్నాం. లేదు. అన్న వేళ్లు కదలలేదు.

కులకర్ణి గారికి ఫోన్ చేసి ఆయన దగ్గరున్నది వినమన్నాను. కాసేపటికి ఆయనే చేశాడు. గొంతు మారిపోయింది. "తాయీ, మీరు వేరేది పంపి పాతది తీసేసిండ్రా? నాతోని మజాక్ చేస్తుండ్రా?" లేదన్నాను. ఆయన ఫోన్‌లో ఉన్నది శనివారం వచ్చినదే. తారీఖు అదే, సమయం అదే. దానిలోనూ ఇప్పుడు నాలుగు తీగలే ఉన్నాయట. ఆయన మాత్రం ఆ దిగుడు మర్చిపోలేదు. మళ్లీ నోటితో పాడాడు. మూడోది సరిగ్గా అన్న వేసినంత ఆలస్యంగా పడింది. అన్న మొహం చూడనివాడు, మా చర్చి గడప తొక్కనివాడు.

గిటార్ తీసుకొచ్చి అన్న ఒళ్లో పెట్టాం. ఎడమ చేతిని మెడ మీద పెట్టి, నేను పక్కన కూర్చుని తీగ మీటాను. చెయ్యి జారిపోయింది. మళ్లీ పెట్టాం. మళ్లీ జారింది. చీకటి పడేదాకా అదే చేశాం. చివరికి పాస్టర్ గారు "సాలమ్మా, ఆయన అలిసిపోతుండు" అన్నారు. అలిసిపోయాడో లేదో ఆయనకు మాత్రం ఎలా తెలుసు?

ఆ రాత్రి ముగ్గురం మోకరించాం. పాస్టర్ గారు మొదలుపెట్టారు కానీ మధ్యలో ఆగిపోయారు.  దురాత్మ అయితే ఏం చేయాలో మాకు తెలుసు, వాక్యంలో దారి ఉంది. చనిపోయిన మనిషి అయితే అది అబద్ధమని తోసేస్తాం, దానికీ దారి ఉంది. కానీ ఇది బతికి, ఊపిరి పీలుస్తూ, మా కళ్ల ముందు మంచం మీద ఉన్న మనిషిది. ఎవరిని వెళ్లగొట్టమని ప్రార్థించాలి?

డాక్టరుకు చెప్పాం. వేళ్లు అలా వాటంతట అవి కదలడం ఉంటుందన్నాడు. రికార్డింగు సంగతి చెబితే నా వైపు జాలిగా చూశాడు. ఆయన తప్పేమీ లేదు, వినిపించడానికి నా దగ్గర ఏముంది?

గిటార్ విలువ ఏమిటో చివరికి తేలలేదు. పేరు లేదు, అసలు రంగు లేదు, బజార్లో దానికి ఎవరూ ఏమీ ఇవ్వరని కులకర్ణి గారే చెప్పాడు. చెప్పి, "ఇచ్చినా అమ్మకుండ్రి తాయీ" అన్నాడు. వదిన అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. గిటార్‌ను గోడ మీద నుంచి దించి అన్న మంచానికి ఎడమ వైపు ఆనించింది.

ఇప్పుడు వదిన అన్నతో మళ్లీ మాట్లాడుతోంది. పొద్దున కాలువకు నిజాంసాగర్ నీళ్లు వదిలారని, కూరలో ఉప్పు ఎక్కువైందని, పక్కింటి కోడి మన ఇంట్లో గుడ్డు పెట్టిందని. ఎవరైనా ఆయన పక్కన కూర్చుని ఆయన గురించి మాట్లాడబోతే, "ఆయన ఇంటుండు, జర సూసి మాట్లాడుండ్రి" అంటుంది. అది నిజమో కాదో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. లోపల ఉన్నాడని తెలిస్తే చాలని అడిగాను. ఇప్పుడు ఉన్నాడనే అనిపిస్తోంది. ఉంటే ఇంకా భయంగా ఉంది. ఇంతకాలం ఆయన పక్కన మేం మాట్లాడుకున్నవన్నీ విన్నాడేమో. బయటికి రావడానికి తలుపు వెతుకుతున్నాడేమో. ఆ శనివారం ఒకటి దొరికిందేమో, మేం విని విని అరగదీశామేమో.

దీనికి అర్థం చెప్పగలిగినవాళ్లు నాకు ఇంతవరకు దొరకలేదు. నేనూ చెప్పలేను.

ప్రతి శనివారం బోధన్ వెళ్తాను. అన్న పక్కన కూర్చుని ఫోన్ పెడతాను. నాలుగు తీగలు ఒకదాని తర్వాత ఒకటి మోగి ఆరిపోతాయి. ట్రాక్టరు వెళ్తుంది. కుర్చీ చప్పుడవుతుంది. వదినా నేనూ ఊపిరి బిగబట్టి ఆయన చేతి వైపు చూస్తుంటాం.

అన్న కప్పు వైపు చూస్తూ, "మల్ల," అంటాడు.

ఇంకోసారి పెట్టమంటున్నాడో, ఇంతేకదా అంటున్నాడో తెలియదు. నేను ఇంకోసారి పెడతాను.